పెళ్ళికొడుకు దండ

పెట్టె మూత పడటం లేదు.

అత్త మోకాలు ఆనించి నొక్కింది. చీరల మడతలు లోపలికి దిగాయి గానీ, అంచు దగ్గర పూలకత్తెర అడ్డుపడింది. దాన్ని బయటికి తీసి, కొంగుతో ఒకసారి తుడిచి, కౌంటరు మీద పెట్టింది.

"ఆ కత్తెర కొట్టుది," అన్నాడు నాన్న. నిన్న గుర్రప్పందేల గొడవ తర్వాత అక్కగారితో ఆయన మాట్లాడటం అదే మొదలు.

"తెలుసు. అందుకే తీసి పెట్టాను."

"తీసుకెళ్ళొద్దని నేననలేదు."

"తీసుకెళ్ళమనీ అనలేదు."

అత్త మళ్ళీ పెట్టె మీదికి వంగింది.

వాళ్ళిద్దరి మధ్య పీట వేసుకుని కూతురు మొగ్గ, గులాబీ కాడలకి ముళ్ళు గీస్తోంది. ఆ కట్టలో ముళ్ళు ఎప్పుడో అయిపోయాయి. నున్నబడ్డ కాడల్నే మళ్ళీ మళ్ళీ గీస్తోంది. తల ఇటు తిప్పితే అత్త పెట్టె, అటు తిప్పితే నాన్న మొహం. రెండూ చూడదగ్గట్టు లేవు.

మొగ్గ అన్న పేరు అత్త పెట్టిందే. తల్లి లేని పసిదాన్ని చంకనేసుకుని పెంచిన మనిషి, ఆ పిల్ల మనసులో మాట ఓ పట్టాన బయటపెట్టదని కనిపెట్టి, ముద్దు సగం విసుగు సగంగా అలా పిలవడం మొదలుపెట్టింది. పిల్ల పెద్దదై, కొట్లో ఆర్డర్లన్నీ తనే చూసుకుంటున్నా పేరు మారలేదు. తీరూ మారలేదు.

ముందు కొట్టు, మధ్యలో దండలు కట్టే గది, వెనక వంటగది. ఇల్లంటే అంతే. వంటగదిలో గిన్నె జారితే కౌంటరు దగ్గర ఉలిక్కిపడతారు. ఈ ఇంట్లో ఏదైనా దాచుకోవాలంటే మనసులో దాచుకోవాల్సిందే, వేరే చోటు లేదు. మొగ్గ నిన్నటి నుంచి అదే పని చేస్తోంది, చేతకాకపోయినా.

"అత్తా," అంది గొంతు తగ్గించి.

"ముళ్ళు గీసుకో."

"ఒక్క మాట నాన్నతో చెప్పు. కోపం దిగుతుంది."

"ఏం చెప్పమంటావు?"

మొగ్గ కట్టలోంచి ఇంకో కాడ అందుకుంది. అత్త ఆమె మొహంలోకి ఒకసారి చూసి, మళ్ళీ మడతల మీదికి వంగింది.

నిన్నటి కప్పు పందెం టీవీలో వచ్చింది. గెలిచిన గుర్రం మెడలో ఈ కొట్టువాళ్ళు కట్టిన దండ వేశారు. దాని మీదున్న జాకీ బక్కపలచని కుర్రాడు. ఎంత తిన్నా ఒళ్ళు చేయని మనిషని గుర్రపుశాలలో అందరూ అతన్ని 'ఈక' అంటారు. ఆ ఈక ముందుకి వంగి, దండలోంచి ఒక ఎర్ర గులాబీ తుంచి టోపీలో దోపుకున్నాడు. ఎవరు చూస్తుంటారో తనకి తెలుసన్నట్టు కెమెరాలోకి చూసి నవ్వాడు. ఆ నవ్వు పూర్తయ్యేలోపే గుర్రం ముందుకాళ్ళు లేపింది. కుర్రాడు భుజం మీద పడ్డాడు. కాలర్ బోన్ విరిగింది.

ఎందుకు బెదిరిందని వెతికితే, దండ లోపలి వైపు బ్యాడ్జి ఒకటి, దాని పిన్ను తెరుచుకుని, కొసన రక్తం.

టీవీ వాళ్ళకి అంతకంటే ఏం కావాలి. పువ్వు తుంచిన ముక్కకి మెత్తటి సంగీతం జోడించారు, పడ్డ ముక్కకి డ్రమ్ములు జోడించారు. 'గులాబీ జాకీ' అని పేరు పెట్టి పొద్దుట్నుంచీ అదే తిప్పి తిప్పి వేస్తున్నారు. ఎదురుకొట్టు దర్జీ అయితే తన టీవీని గుమ్మం వైపు తిప్పి మరీ పెట్టాడు, పూలకొట్టు వాళ్ళు చూడకపోతే పాపం తగులుతుందన్నట్టు.

నాన్న మాత్రం అటు చూడలేదు. గుర్రానికి పిన్ను పెట్టిన చెయ్యి ఇక ఈ కొట్లో దారం పట్టదని నిన్ననే తేల్చేశాడు. దండ కట్టింది అత్త. పిన్ను గుచ్చింది అత్త. కాదని ఆమె అనలేదు. అవునని కూడా అనలేదు. పెట్టె దించుకుంది.

ఆ పిన్ను అక్కడికి ఎలా చేరిందో మొగ్గకి తెలుసు. తెలిసే ముళ్ళు లేని కాడలు గీస్తోంది.

కప్పు పందెం రోజున రెండు దండలు వెళతాయి. ఒకటి గెలిచిన గుర్రానికి, ఒకటి దాన్ని తయారుచేసిన ట్రైనరుకి. నాన్న పడుచువాడిగా ఉన్నప్పుడు ఈ రెంటినీ ఒకసారి దగ్గరుండి చూసి వచ్చి కొట్లో చెప్పాడట. దండ వేస్తుంటే గుర్రం బుద్ధిగా మెడ వంచింది, అచ్చం పెళ్ళికొడుకులా. ట్రైనరు మాత్రం తల ఎగరేశాడు, కాలు నేలకేసి కొట్టాడు, ముక్కులోంచి గాలి వదిలాడు. ఆ రోజు నుంచి ఈ కొట్లో గుర్రానికి వెళ్ళేది 'పెళ్ళికొడుకు దండ', ట్రైనరుకి వెళ్ళేది 'గుర్రం దండ'. పెళ్ళికొడుకు దండకి సూదీ తీగా తగలకూడదు, ఒట్టి దారంతో జారుముడి వేయాలి. గుర్రం దండకి మాత్రం రిబ్బన్లు, బ్యాడ్జీలు, ఏం గుచ్చినా ఫరవాలేదు, ఆ చర్మానికి ఏమీ కాదు.

బయటివాళ్ళకి ఎవరికీ తెలియని వేళాకోళం అది. మొగ్గకి మాటలు వచ్చిన నాటి నుంచి తెలుసు.

నిన్న పొద్దున ఈసారి కప్పు ఇచ్చేవాళ్ళ బ్యాడ్జి ఒకటి వచ్చింది, ట్రైనరు దండకి పెట్టమని. ఆర్డరు తీసుకున్నది మొగ్గే. సరిగ్గా అప్పుడే ఈక ఫోన్ చేశాడు. "ఇవాళ గెలిస్తే రేపే మామయ్యని వెంటబెట్టుకుని మీ ఇంటికొస్తా. పెళ్ళికొడుకులా తల దువ్వుకుని వస్తా, చూడు," అన్నాడు. మొగ్గ చెవికి ఫోన్ ఆనించుకుని ఏ లోకంలో ఉందో ఆమెకే తెలియదు.

లోపలి గదిలోంచి అత్త కేకేసింది. "బ్యాడ్జి ఎవరి దండకే?"

"పెళ్ళికొడుక్కి," అంది మొగ్గ.

కాసేపటికి అత్త తెర పక్కకి లాగి వచ్చి ఎదురుగా నిలబడింది. "సరిగ్గా విని చెప్పు. పెళ్ళికొడుకు దండకేనా?"

"పెళ్ళికొడుక్కే అత్తా, ఎన్నిసార్లు అడుగుతావు," అని నవ్వేసింది.

ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. పోనీ, జరిగింది చెప్పేద్దామా అంటే, పెళ్ళికొడుకంటే ఎవరు గుర్తొచ్చారని నాన్న అడుగుతాడు. గుర్రాలవాళ్ళంటే ఆయనకి పూలు కొనేంతవరకే. చెప్పకుండా ఊరుకుందామా అంటే, పెంచిన మనిషి పెట్టె సర్దుకుంటోంది. అత్త తనని కాపాడటానికే నోరు కట్టుకుందని మొగ్గకి అనిపించింది. ఆ ఆలోచన పిన్ను కంటే లోతుగా దిగింది.

వీధిలో వ్యాను ఆగిన చప్పుడైంది.

ట్రైనరు కొట్లోకి రావడమే గోతాంతో వచ్చాడు. దాన్ని కౌంటరు మీద బోర్లించాడు. వాడిపోయిన దండ కుప్పగా పడింది. బ్యాడ్జి టంగున మోగింది.

"ఇది మీ కొట్టుదేనా?"

"మాదే," అన్నాడు నాన్న.

"ఈ సూదో?"

"బ్యాడ్జి కప్పు వాళ్ళది. పెట్టింది మా కొట్లో. మీ దండకి పెట్టాల్సింది గుర్రానిదానికి పెట్టారు. పొరపాటు."

"పొరపాటు. ఇన్నేళ్ళలో జరగని పొరపాటు, మావాడు ఎక్కిన గుర్రానికే జరిగింది. నా చెవిలో పువ్వు పెడుతున్నారా మీరు?"

"పూలు అమ్ముకునేవాణ్ణి. ఊరికే ఎవరి చెవిలోనూ పెట్టను."

బయట వ్యాను హారన్ మోగింది. ట్రైనరు వెనక్కి తిరక్కుండానే అరిచాడు. "ఆపరా." ఆగింది.

మొగ్గ తల తిప్పి వీధిలోకి చూసింది. ఈక వ్యానులో ఉన్నాడు. అన్నమాట ప్రకారం మామయ్యని, అంటే ఈ ట్రైనర్నే, వెంటబెట్టుకుని వచ్చాడు. రావాల్సిన పద్ధతే తలకిందులైంది.

"దిగొద్దన్నాను," అన్నాడు ట్రైనరు ఎవరూ అడక్కపోయినా. "అడుగు తీసి అడుగు వేస్తే ఎముక కదులుతుందట. ఈ సీజను వాడికి లేనట్టే. మా అక్క నన్ను నమ్మి వాణ్ణి నా చేతిలో పెట్టింది. ఆవిడకి ఏం చెప్పమంటారు, పువ్వు గుచ్చుకుని పడ్డాడని చెప్పనా?"

"కుర్రాడికి దెబ్బ తగిలినందుకు నాకూ బాధగానే ఉంది."

"బాధ మీ మొహంలో కనిపించట్లేదు."

"నా మొహమే అంత."

ట్రైనరు చూపు మొగ్గ మీదికి తిరిగింది. "ఇది ఈ అమ్మాయి పని."

"మాట తిన్నగా రానివ్వండి," అన్నాడు నాన్న.

"పోయినవారం మా గుర్రపుశాల గుమ్మంలో నిలబడి ఉంటే నాలుగు మాటలన్నాను. ఆ కసి ఇలా తీర్చుకుంది."

"మా అమ్మాయికి మీ గుర్రపుశాలలో ఏం పని?"

"నేనూ అదే అడిగాను. పూలు తెచ్చానంది. గుర్రాలకి పూలెందుకమ్మా అంటే, తింటాయేమో చూద్దామని అంది."

దర్జీ కొట్లోంచి మెత్తటి సంగీతం వినిపించింది. పువ్వు తుంచే ముక్క మళ్ళీ వచ్చినట్టుంది. నాన్న చెయ్యి చాచి కొట్టు తలుపు ఒక రెక్క మూశాడు.

"టీవీలో ఊరంతా చూసింది," అన్నాడు ట్రైనరు. "మీరొక్కరే చూడలేదా?"

"మా టీవీలో బొమ్మ సరిగ్గా రాదు."

"వాడు పువ్వు తుంచి ఎవరికి చూపించాడో తెలియదా?"

"పువ్వు గుర్రానిది, టోపీ అతనిది. మధ్యలో నాకేం తెలుస్తుంది?"

మొగ్గకి ఆ మాటతో నాన్నకి అంతా తెలుసని అర్థమైపోయింది. తెలియని మనిషి అంత తయారుగా జవాబు చెప్పడు.

"సరే, వినండి," అని నాన్న గొంతు మార్చాడు. "పిన్ను పెట్టింది మా అక్క. నిన్ననే ఇల్లు వదలమన్నాను. అదిగో పెట్టె. ఇంతకంటే మీకు ఏం కావాలి?"

ట్రైనరు మొదటిసారి అత్త వైపు చూశాడు. పెట్టె పక్కన నేల మీద కూర్చున్న మనిషిని చూసి కొంచెం తగ్గాడు.

"ఈవిడా? ఈవిడ కట్టిన దండలు నేను ఎన్ని వేయించుకున్నానో నాకే లెక్క లేదు. ఒక్కటీ మెడకి ఒరుసుకోలేదు. ముసలావిణ్ణి వీధిలోకి నెట్టి సరిపెట్టేద్దామంటే నేనొప్పుకోను. నాకు కావలసింది వేరే."

"చెప్పండి."

"మావాడు ఈ గుమ్మం ఎక్కడు. మీ అమ్మాయి మా గుమ్మం తొక్కదు. ఫోన్లు లేవు, పువ్వులు లేవు. ఆ మాట ఇవ్వండి. ఈ దండ సంగతి నేను ఇక్కడే మర్చిపోతాను."

"ఇంతేనా? ఇచ్చాను," అన్నాడు నాన్న.

"మీ అక్కగారి పెట్టె కూడా విప్పించండి."

"అది మా ఇంటి విషయం. ఆ పెట్టె వెళుతుంది."

గులాబీ కట్ట మొగ్గ ఒళ్ళోంచి జారి నేల మీద చెల్లాచెదురైంది. ఆమె లేచి నిలబడింది.

"ఎవరి మాట ఎవరిస్తున్నారు నాన్నా?"

"నువ్వు లోపలికెళ్ళు."

"వెళ్ళను. నా మాట నువ్విచ్చేశావు, అత్తని పంపించేస్తున్నావు, నన్ను లోపలికెళ్ళమంటున్నావు. ఇక ఈ కొట్లో మిగిలేది నువ్వూ ఈ బకెట్లూనా?"

"మొగ్గా," అంది అత్త. "వద్దు. ఊరుకో."

"నిన్నటి నుంచి ఊరుకునే ఉన్నాను. అందుకే నీ పెట్టె నిండింది." ఆమె తండ్రి వైపు తిరిగింది. "బ్యాడ్జి పెళ్ళికొడుకు దండకి అన్నది నేను. అత్త అడిగింది, నేను చెప్పాను. అత్త పెట్టింది."

ట్రైనరే ముందు తేరుకున్నాడు.

"పెళ్ళికొడుకు ఎవరు మధ్యలో?"

"మీ గుర్రం," అన్నాడు నాన్న విసుగ్గా. "మేం అలా అనుకుంటాం. గుర్రానికి వెళ్ళేది పెళ్ళికొడుకు దండ."

"మరి నాకు వచ్చేది?"

మొగ్గ చెప్పింది. "గుర్రం దండ."

ట్రైనరు తల ఎగరేశాడు. ముక్కులోంచి బుస్సుమని గాలి వదిలాడు. "నేను గుర్రాన్నా? ఇన్నేళ్ళుగా పూలు తీసుకుంటుంటే మీరు నన్ను గుర్రం అనుకుంటున్నారా?"

"ఇప్పుడేం చేశారో ఒకసారి అద్దంలో చూసుకోండి," అన్నాడు నాన్న. "ఆ సంగతి తర్వాత. మొగ్గా, ఈ కొట్లో పెళ్ళికొడుకంటే గుర్రమని నీకు ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు."

"తెలుసు."

"మరి?"

"నిన్న పొద్దున గుర్తు రాలేదు."

"ఎందుకు రాలేదు?"

ఇదే ఆమె నిన్నటి నుంచి దాటలేకపోయిన చోటు. అత్త పెట్టె వైపు చూసింది. అందులో పైన మడతపెట్టి ఉన్నది తన చిన్నప్పుడు అత్త చంకలో ఉండగా పట్టుకుని నమిలిన కొంగు ఉన్న పాత చీర.

"ఆ మాట వినగానే ఇంకొకరు గుర్తొచ్చారు. రేపు మామయ్యని తీసుకుని మనింటికి వస్తానని అప్పుడే ఫోన్‌లో చెప్పాడు. నాకు ఆ పూట గుర్రాలెక్కడివి, దండలెక్కడివి? పెళ్ళికొడుకంటే అతనే."

చెప్పేసింది. ఆకాశం విరిగి పడలేదు. నాన్న మొహం మాత్రం ఎర్రగా కందిపోయింది.

"ఎవరు? పేరుతో చెప్పు. లేకపోతే ఊరందరిలాగే టీవీలో చూసి తెలుసుకోవాలా?"

"బొమ్మ సరిగ్గా రాదన్నావుగా."

"ఎదురు మాట్లాడకు."

"ఇదిగో, ఇలాంటివాడు," అని గుమ్మంలోంచి వినిపించింది.

హారన్ ఆగి చాలాసేపైందని అప్పుడుగానీ ఎవరికీ తట్టలేదు. ఈక మూయని తలుపు రెక్కకి ఆనుకుని నిలబడ్డాడు. ఒక చెయ్యి మెడకి కట్టిన పట్టీలో ఉంది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది. జుట్టు మాత్రం నీళ్ళతో తడిపి నున్నగా దువ్వి ఉంది.

"దిగొద్దన్నానా లేదా?" అన్నాడు ట్రైనరు.

"దిగేశాను మామయ్యా." అతను మొగ్గ వైపు తిరిగాడు. గొంతులో నవ్వు లేదు. "ఫోన్ ఎందుకు తీయలేదు?"

"తీసి ఏం చెప్పను?"

"ఇదే. ఇప్పుడు చెప్పిందే. నువ్వు చెప్పకపోతే మామయ్య చెప్పింది వినాల్సి వచ్చింది. కసితో పెట్టిందిరా అని చెవిలో ఒకటే పోరు. చివరికి నేనూ నమ్మాను."

"నమ్మావా?"

"సగం."

"ఏ సగం? విరిగిన వైపుదా, బాగున్న వైపుదా?"

"దెబ్బ తగిలినవాడితో ఇలాగేనా మాట్లాడేది?"

"అంతమంది ముందు పువ్వు తుంచమని నీకెవరు చెప్పారు? వంగి లేచేటప్పుడు దండ మీద మోకాలు ఆనించిందెవరు? పిన్ను పెట్టించింది నేనే, ఒప్పుకుంటున్నాను. నొక్కింది మాత్రం నువ్వు."

ఈక నొప్పిని మరిచిపోయి భుజం ఎగరేయబోయి, ముడుచుకుపోయాడు. మొగ్గ ఒక అడుగు ముందుకి వేసింది. నాన్న కౌంటరు మీద అరచేత్తో కొట్టాడు. అడుగు అక్కడే ఆగింది.

"చాలు. ఇద్దరూ ఆపండి."

మొగ్గ ఇక అటు చూడలేదు. చెప్పవలసింది చెప్పేసింది, పర్యవసానం ఏదైనా పడుతుంది. ఆమె పెట్టె ముందు కూర్చుని మూత పూర్తిగా ఎత్తింది. పైనున్న పాత చీర చేతిలోకి తీసుకుంది.

"తప్పు నాదని తేలింది కదా నాన్నా. అత్త ఎక్కడికీ వెళ్ళదు. పెట్టె నేనే విప్పుతున్నాను."

"ఆగు," అన్నాడు నాన్న.

ఆయన మొహంలో కోపం పోయి మరేదో వచ్చింది. కౌంటరు చుట్టూ తిరిగి ముందుకి వచ్చాడు.

"నువ్వు మతిలేక ఏదో వాగావు, బాగుంది. పెళ్ళికొడుకు దండకి సూది ముట్టకూడదని నీకు నేర్పిందెవరు?"

"అత్త."

"నాకు నేర్పిందీ తనే. మా నాన్న దగ్గర కూర్చుని ఈ పని ముందు నేర్చుకున్నది అక్క. నువ్వు కాదు గదా, కప్పు ఇచ్చేవాళ్ళే వచ్చి గుర్రానికి పిన్ను గుచ్చమన్నా దులిపి పంపించే మనిషి. నువ్వంటే మాత్రం ఎలా గుచ్చింది?"

"నన్ను నమ్మి," అంది మొగ్గ. "రెండోసారి కూడా అడిగింది. నేను సరిగ్గా వినలేదు."

నమ్మి అన్న మాట దగ్గర అత్త కళ్ళు మూసుకుంది.

"అక్కా, నీ నోటితో చెప్పు," అన్నాడు నాన్న. "దీని తప్పు నెత్తిన వేసుకుని వెళుతున్నావా?"

"లేదు," అంది అత్త.

ఆమె గోడ పట్టుకుని లేచింది. గుమ్మంలో ఉన్న కుర్రాడి కట్టు వైపు చూసింది. చూసిన కళ్ళు తిప్పుకోలేదు.

"ఎవరి తప్పూ నెత్తిన వేసుకోలేదు. నా శిక్ష నాకు పడిందని పెట్టె సర్దుకున్నాను. అందుకే నోరెత్తలేదు. నేను నిన్ను కాపాడుతున్నాననుకున్నావు కదే, మొగ్గా. నాకు సిగ్గేసింది."

"ఏమంటున్నావు అత్తా?"

"రెండోసారి ఎందుకు అడిగాననుకున్నావు? మొదటిసారే నీ గొంతులో తేడా వినిపించింది. తెర తీసి చూశాను. చెవికి ఫోన్ ఉంది. నవ్వుతున్నావు. గుర్రం గురించి అడిగితే ఏ ఆడపిల్లా అలా నవ్వదు. నువ్వు చెబుతున్నది దండ గురించి కాదని నాకు అప్పుడే తెలుసు."

మొగ్గ చేతిలో చీర మడత జారింది.

"తెలిసీ పెట్టావా?"

"తెలిసే పెట్టాను. ఎక్కేది ఎవరో కూడా తెలుసు. ఆ కప్పు ఇతని గుర్రానిదేనని నాలుగు రోజులుగా ఊరంతా అంటూనే ఉంది."

ట్రైనరు ఏదో అనబోయాడు. నాన్న చెయ్యెత్తి ఆపాడు. దర్జీ కొట్లో డ్రమ్ములు మోగుతున్నాయి.

"గుర్రం కొంచెం బెదురుతుంది, కుర్రాడు గడ్డిలో పడతాడు, లేచి దులుపుకుంటాడు అనుకున్నాను," అంది అత్త. "ఎముక విరుగుతుందనుకోలేదు. ఆ పాపం నాది, కాదనను బాబూ. కానీ దీనికి భయం పుట్టాలనుకున్నాను. గుర్రం ఎక్కేవాడు ఏదో ఒక రోజు పడతాడు. అది నువ్వు, మొగ్గా, పెళ్ళయ్యాక చూడటం కంటే, ముందే చూస్తే ఆగిపోతావనుకున్నాను. వాళ్ళింటికి పంపించి, రోజూ టీవీ ముందు కూర్చుని నీ గురించి భయపడే ఓపిక నాకు లేదే."

"అందుకని ఇతన్ని పడేశావా?"

"పడేశాను."

ఈక గుమ్మానికి ఇంకాస్త ఆనుకున్నాడు. అతని మొహంలో కోపం రావాల్సిన చోట అది ఇంకా రాలేదు. నాన్న కౌంటరు మీది కత్తెర వైపు చూస్తూ నిలబడ్డాడు.

అత్త మొగ్గ ఎదురుగా నేల మీద కూర్చుంది. చిన్నప్పుడు జడ వేయడానికి కూర్చున్నట్టే, మోకాళ్ళు తాకేంత దగ్గరగా.

"ఇందాక పెట్టె నువ్వే విప్పుతానన్నావు. నీ తప్పనుకుని అన్నావు. ఇప్పుడు నా తప్పని తెలిసింది. మీ నాన్నని అడగను. నిన్నే అడుగుతున్నాను. ఆ చీర బయట పెడతావా, లోపల పెడతావా?"

మొగ్గ గుమ్మంలోకి చూసింది. విరిగిన భుజంతో, నున్నగా దువ్విన జుట్టుతో అతను ఆమె జవాబు కోసం చూస్తున్నాడు. ఎదురుగా అత్త కూడా చూస్తోంది.

చీర ఆమె చేతుల్లోనే ఉంది.